పరుగు నేర్పే గురువు

పరుగెత్తటం ఎవరూ నేర్పనక్కరలేని విద్య అని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. ఈత నేర్పాలి, వీణ నేర్పాలి, ఛందస్సు నేర్పాలి; పరుగు మాత్రం పిల్లవాడికి నడకతోపాటే అబ్బుతుందని పెద్దలు అనుకుంటారు. అందువల్లనే మన పాఠశాలల్లో చాలాచోట్ల పరుగుపందెమంటే వార్షికోత్సవానికి పది రోజుల ముందు సున్నంతో గీతలు గీసి, ఈల వేసి, మొదట వచ్చిన వానికి ఒక స్టీలు గిన్నె బహుమతిగా ఇవ్వటంగానే మిగిలిపోయింది. ఆ మొదట వచ్చిన పిల్లవాడు రేపు ఏమవుతాడన్న ప్రశ్న గిన్నెతోపాటే ఇంటికి పోతుంది. మరుసటి ఏడు మరొక పిల్లవాడు, మరొక గిన్నె.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల అర్హత ఎవరికి ఉన్నది? ఒకప్పుడు తాను పరుగెత్తి, గెలిచి, ఓడి, ఆ తరువాత బూట్లు విప్పి పిల్లల ముందు నిలబడిన వ్యక్తికి ఉన్నది. అటువంటివారిలో మన దేశంలో మొదట చెప్పదగిన పేరు పి.టి. ఉష. ఆమె కేరళీయురాలు. ఐనా సముద్రతీరపు చిన్న ఊరినుండి, సామాన్య కుటుంబంనుండి వచ్చిన ఆ విజేత అనుభవం కృష్ణా డెల్టాలోని ఉపాధ్యాయునికి గాని, విద్యార్థికి గాని పరాయిది కాదు. బెజవాడకు దక్షిణాన దివిసీమ వరకు, తూర్పున కొల్లేటి వరకు వ్యాపించిన ఈ పల్లెల బళ్ళలో కూడా అటువంటి పిల్లలు కూర్చుని ఉంటారు. వారిని గుర్తించే కన్ను, గుర్తించిన తరువాత చెడగొట్టకుండా పెంచే చేయి కావాలి.

ఉష 1964లో జన్మించారు. 1976లో కేరళ ప్రభుత్వం కన్ననూరులో బాలికల కోసం నెలకొల్పిన క్రీడా పాఠశాలలో ఆమె చేరారు. అక్కడ ఆమెను చూసినవారు ఓ.ఎం. నంబియార్. వైమానిక దళంలో పనిచేసి వచ్చిన ఆయన బక్కపలుచని ఆ బాలిక నడకలోని చురుకుదనాన్ని గమనించి శిక్షణకు పూనుకొన్నారు. పదహారేండ్ల వయస్సులో, 1980లో, ఆమె మాస్కో ఒలింపిక్ క్రీడలకు వెళ్లారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్ల పరుగుల్లో రజత పతకాలు గెలిచారు. 1985లో జకార్తా ఆసియా చాంపియన్‌షిప్ పోటీల్లో అయిదు స్వర్ణాలు సాధించారు. అదే సంవత్సరం నంబియార్ ద్రోణాచార్య పురస్కారం పొందిన తొలి గురువులలో ఒకరైనారు.

కాని ఉష పేరు చెప్పగానే దేశం తలచుకొనేది ఈ విజయాలను కాదు, ఒక ఓటమిని. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ పరుగును స్త్రీలకు మొట్టమొదటిసారి ప్రవేశపెట్టారు. ఆ అంతిమ పోటీలో ఉష 55.42 సెకండ్లలో గమ్యం చేరారు. రుమేనియాకు చెందిన క్రిస్టియానా కొజొకారు 55.41 సెకండ్లలో చేరింది. సెకండులో నూరవ వంతు తేడాతో కాంస్య పతకం చేజారింది. కంటిరెప్ప ఒకసారి వాలి లేచే సమయంలో ఇటువంటి నూరవ వంతులు పది, పదిహేను గడిచిపోతాయి.

ఈ నూరవ వంతు ఎక్కడ పోయింది? గీత వద్ద మొండెం తగినంత ముందుకు వంగలేదని కొందరన్నారు. ఉష స్వయంగా తరువాతి కాలంలో మరొక కారణం చెప్పుకొన్నారు. అమెరికాలోని ఆ క్రీడా గ్రామంలో తనకు అలవాటైన ఆహారం దొరకక, గంజీ పచ్చడీ తిని పోటీకి దిగవలసి వచ్చిందనీ, చివరి ముప్ఫయి అయిదు మీటర్లలో సత్తువ చాలకపోయిందనీ ఆమె వివరించారు. పతకాన్ని పోగొట్టుకొన్న వ్యక్తి దానికి కారణం తన కాళ్లలో గాక కంచంలో వెతకటం గమనింపదగిన విషయం. శిక్షణ అంటే మైదానంలో గడిపే రెండు గంటలు మాత్రమే కాదనీ, తక్కిన ఇరవై రెండు గంటలూ అందులో భాగమేననీ అనుభవంతో తెలిసినవారు మాత్రమే ఇట్లా ఆలోచించగలరు.

2000లో ఉష పరుగును విరమించారు. 2002లో కోళిక్కోడు జిల్లా కొయిలాండిలో బాలికల కోసం ఒక అథ్లెటిక్స్ పాఠశాల ప్రారంభించారు. తరువాత అది అదే జిల్లాలోని కినాలూరుకు మారింది. ఏ బాలికనూ పేరుకోసం చేర్చుకోలేదు. లేత వయస్సులోని బాలికలను పరీక్షించి, కొద్దిమందినే ఎన్నుకొని, తనవద్దనే ఉంచుకొని, చదువూ తిండీ శిక్షణా ఒకచోటనే జరిగేటట్లు చూశారు. ఆ పాఠశాలకు సింథటిక్ ట్రాక్ 2017లో గాని రాలేదు. అంటే మొదటి పదిహేనేండ్లు అది లేకుండానే పని సాగింది. సౌకర్యం లేదని చేతులు ముడుచుకొని కూర్చున్న వారికి ఈ సంగతి కొంత ఇబ్బంది కలిగిస్తుంది. సౌకర్యం అక్కరలేదని దీని అర్థం కాదు. అది వచ్చేదాకా పిల్లల వయస్సు ఆగదని అర్థం.

ఆ పాఠశాల మొదటి జట్టులో చేరిన బాలికలలో టింటూ లూకా ఒకతె. 2002లో పదమూడేండ్ల పిల్లగా వచ్చిన ఆమె, ఎనిమిదేండ్ల తరువాత, 2010లో క్రొయేషియాలోని స్ప్లిట్ నగరంలో 800 మీటర్ల దూరాన్ని 1 నిమిషం 59.17 సెకండ్లలో పరుగెత్తి జాతీయ రికార్డు నెలకొల్పింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ వరకు వెళ్లింది. 2015లో ఆసియా చాంపియన్ అయినది. ఇక్కడ రెండు విషయాలు ఆలోచించాలి. మొదటిది, ఎనిమిదేండ్ల కాలం. రెండవది, ఆ 800 మీటర్ల దూరం. ఉష పేరు తెచ్చుకొన్న పరుగులు 100 నుండి 400 మీటర్ల లోపువి. శిష్యురాలి శరీరం వేరొక దూరానికి తగినదని గుర్తించి, తాను గెలిచిన దారిని విడిచి ఆమెకు తగిన దారిని చూపటం సామాన్యమైన పని కాదు.

గెలిచిన మనిషికి ఒక బలహీనత ఉంటుంది. తాను గెలిచిన విధమే గెలుపుకు ఏకైక మార్గమని తోస్తుంది. 'నేను మీ వయస్సులో ఇంత పరుగెత్తాను' అనే మాట గురువు నోటినుండి వెలువడిన నాడు శిష్యుడు సగం ఓడిపోయినట్లే. ఉష శిక్షణకు కూడా ఒక విమర్శ రాకపోలేదు. టింటూ మొదటి చుట్టును మితిమీరిన వేగంతో ముగించి, చివరి మీటర్లలో అలసిపోయేదని క్రీడాభిమానులు అనేవారు. గురువు రక్తంలోని వేగం శిష్యురాలి పరుగులోకి కొంత ప్రవహించి ఉండవచ్చును. ఇది దోషమే అనుకొన్నా, గురుత్వంలోని కష్టమెంతటిదో చెప్పటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

శీఘ్రగమనాన్ని నేర్పే పద్ధతి మన డెల్టాకు కొత్తది కాదు. మువ్వ దాపున ఉన్న కూచిపూడిలో తరతరాలుగా జరుగుతున్నది అదే. అక్కడ గురువు చాలావరకు తానూ గజ్జె కట్టి ఆడినవాడే. చేరిన పిల్లకు ఆయన మొదటి రోజునే భామాకలాపం చెప్పడు. ఒక అడవును తీసికొని మొదట విలంబకాలంలో, పిమ్మట మధ్యకాలంలో, ఆపైన ద్రుతకాలంలో చేయిస్తాడు. విలంబంలో పాదం తప్పు పడితే ద్రుతంలో ఆ తప్పు రెట్టింపవుతుందని ఆయనకు తెలుసును. పరుగు విద్యలోనూ సరిగ్గా ఇదే న్యాయం. మోకాలు ఎంతవరకు లేవాలి, పాదం శరీరానికి ఎంత ముందు నేలను తాకాలి, చేతులు ఎట్లా ఊగాలి, మెడ, దవడ బిగుసుకోకుండా ఎట్లా ఉంచాలి అన్నవి నెమ్మదిగా నేర్చుకోవలసినవి. నిండు వేగంలో వాటిని సరిదిద్దే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఆ నిండు వేగమైనా ఎంతసేపు నిలుస్తుంది? నూరు మీటర్ల పరుగులో మేటి పురుషులు కూడా యాభై, అరవై మీటర్ల వరకు వేగం పెంచుకొంటూ పోతారు. ఆ అత్యధిక వేగాన్ని కొద్ది దూరం నిలుపుకొంటారు. తరువాత అందరి వేగమూ తగ్గుతుంది. చివరి ఇరవై మీటర్లలో విజేత దూసుకొనిపోయినట్లు ప్రేక్షకునికి కనిపించేది చాలావరకు భ్రమ. నిజానికి తక్కినవారు అతనికన్న ఎక్కువగా మందగిస్తారు. కాబట్టి గురువు నేర్పవలసినది వేగాన్ని పుట్టించటమొక్కటే కాదు, దానిని కాపాడుకోవటం కూడా. పళ్లు బిగించి, పిడికిళ్లు బిగించి చివర మరింత ప్రయాసపడిన పిల్లవాడు మరింత త్వరగా మందగిస్తాడు. ఈ చిన్న రహస్యం తెలియక ఎన్ని బళ్ళలో ఎందరు పిల్లలను 'ఇంకా, ఇంకా' అని కేకలు వేసి ఓడించామో లెక్కలేదు.

వరి పండించే ప్రాంతంలో పుట్టినవారికి మరొక సంగతి సులభంగా బోధపడుతుంది. కృష్ణా డెల్టాను ఆనుకొని ఉన్న పశ్చిమ గోదావరిలో మార్టేరు అనే ఊరున్నది. అక్కడి వరి పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029 అనే వంగడం స్వర్ణ పేరుతో దేశమంతటా పాకింది. అది కోతకు రావటానికి సుమారు నూట యాభై రోజులు పడుతుంది. అదే స్థానంనుండి వచ్చిన కాటన్‌దొర సన్నాలు సుమారు నూట ఇరవై రోజులకే పండుతుంది. సార్వాకు ఏది, దాళ్వాకు ఏది అన్నది రైతుకు తెలుసు. నూట ఇరవయ్యవ రోజున స్వర్ణ చేను ఇంకా పచ్చగా ఉన్నదని చూసి, ఇది పండదని దున్నివేసే రైతు ఎక్కడా లేడు. పన్నెండేండ్లకు పొడుగు పెరిగిన పిల్లవాడిని వీరుడని, ఇంకా ఎదగని పిల్లవాడిని పనికిరానివాడని ముద్రవేసే పాఠశాలలు మాత్రం ఉన్నవి.

ఆ మార్టేరే సత్తి గీత అనే పరుగు క్రీడాకారిణి పుట్టిన ఊరు కూడా కావటం ఒక వింత. 2006 దోహా ఆసియా క్రీడల్లో 4×400 మీటర్ల రిలేలో స్వర్ణం గెలిచిన భారత జట్టులో ఆమె ఉన్నది. డెల్టా నేలలో పరుగు పండదనే మాటకు ఆమె ఒక్కతె చాలును.

ప్రపంచంలో నేటివరకు అత్యంత వేగవంతుడైన ఉసేన్ బోల్ట్ కథ కూడా దీర్ఘకాలపు పంటకు సంబంధించినదే. 2002లో, ఇంకా పదహారేండ్లు నిండకముందే, అతడు ప్రపంచ జూనియర్ పోటీల్లో 200 మీటర్ల పరుగు గెలిచాడు. ఆ తరువాత గాయాలు వెంటాడినవి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మొదటి దశలోనే వెనుదిరిగాడు. అతని వెన్నెముకలో వంపు ఉన్నది. అప్పుడు శిక్షణ చేపట్టిన గ్లెన్ మిల్స్ అతని నడుమునూ వెన్నునూ బలపరచటానికి సంవత్సరాలు వెచ్చించాడు. 2008లో బీజింగ్‌లో 9.69 సెకండ్లు, 2009లో బెర్లిన్‌లో 9.58 సెకండ్లు వచ్చినవి. పదిహేనేండ్ల విజేతను వెంటనే పిండుకోవాలని ఎవరైనా ఆత్రపడి ఉంటే, ఆ 9.58 ఈ లోకంలో ఉండేది కాదేమో.

మన రాష్ట్రంలో ఇటీవలి ఉదాహరణ విశాఖపట్నపు యర్రాజి జ్యోతి. తండ్రి కాపలా ఉద్యోగి. తల్లి ఇళ్లలో పనిచేసిన శ్రామికురాలు. 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆమె 2020లో 13.03 సెకండ్లలో పరుగెత్తినా, నియమాల ప్రకారం జరగవలసిన మాదకద్రవ్య పరీక్ష ఆనాడు జరగలేదు, రికార్డు దక్కలేదు. 2022 ఏప్రిల్‌లో 13.09 సెకండ్లలో పరుగెత్తింది. వెనుకగాలి సెకండుకు 2.0 మీటర్లు మించరాదని నియమం. ఆనాడు గాలి 2.1 మీటర్లు వీచింది. మళ్లీ దక్కలేదు. మే నెలలో సైప్రస్‌లో 13.23 సెకండ్లతో, 2002నుండి నిలిచి ఉన్న 13.38 సెకండ్ల రికార్డును చెరిపివేసింది. ఆ అక్టోబరులో 12.82 సెకండ్లతో, పదమూడు సెకండ్లలోపు పరుగెత్తిన తొలి భారతీయ వనిత అయినది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం పొందింది. గాలి కూడా పగబట్టినప్పుడు పిల్లను నిలబెట్టగలిగినది గురువు మాట. ఆమెకు హైదరాబాదులో నాగపురి రమేశ్, తరువాత భువనేశ్వరంలో జేమ్స్ హిల్లియర్ శిక్షణ ఇచ్చారు.

ఆ రమేశ్ శిక్షణలోనే ఎదిగిన మరొక బాలిక దీప్తి జీవన్‌జీ. వరంగల్ ప్రాంతంలోని కల్లెడ గ్రామంలో రోజు కూలీల బిడ్డ. చిన్ననాట ఊరివారి ఎగతాళికి గురియైన ఆమె, మేధోపరమైన వైకల్యం గల క్రీడాకారుల టి-20 విభాగంలో 2024 మే నెలలో కోబే నగరంలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు స్థాపించింది. ఆ సంవత్సరమే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆమెను తొలుత గుర్తించినది ఏ మహానగరపు నిపుణుడూ కాదు, బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. మన ఊళ్లలో 'డ్రిల్లు మాస్టారు' అని తేలికగా పిలిచే ఉపాధ్యాయుడే.

గురువు పక్కన ఉంటే ఈ నేల ఏమి చేయగలదో విజయవాడ మరొక విద్యలో చూపింది. చెరుకూరి లెనిన్ విలుకాడుగా దేశానికి ప్రాతినిధ్యం వహించి, చిన్న వయస్సులోనే శిక్షకుడై, 2010లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఆ దుఃఖంలో కూడా అతని తండ్రి చెరుకూరి సత్యనారాయణ వోల్గా ఆర్చరీ అకాడమీని మూయలేదు. నేడు ప్రపంచానికి తెలిసిన విలుకాండ్రు వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ ఈ నగరపు బిడ్డలే. ఒక ఊరిలో ఒక విద్య వేళ్లూనటానికి పెద్ద భవనాలకన్న ముందు పట్టువిడువని ఒక మనిషి అవసరమని దీనివలన తేలుతున్నది.

ఇక ఆ మనిషి తప్పుదారి పడితే జరిగే హాని కూడా చెప్పుకోవాలి. మొదటిది వయస్సు దాచటం. పదహారేండ్ల వానిని పద్నాలుగేండ్ల వారితో పరుగెత్తించి గెలిపించిన గురువు ఇద్దరికి అన్యాయం చేస్తాడు: ఓడిన పిల్లవాడికి, గెలిచిన పిల్లవాడికి. రెండవవానికి తన నిజమైన బలం ఎంతో ఎన్నటికీ తెలియదు. రెండవ హాని మందులు. నిషిద్ధ ద్రవ్యాల పరీక్షల్లో పట్టుబడినవారి నిష్పత్తి విషయంలో ప్రపంచ నివేదికల్లో మన దేశం పేరు కొన్నేండ్లుగా ముందు వరుసలో కనిపిస్తున్నది. ఊరూ పేరూ లేని పొడి డబ్బా ఒకటి చేతికి వచ్చినప్పుడు, 'ఇది తాగితే బలం వస్తుంది' అన్న మాటను పిల్లవాడు నమ్మేది గురువు చెప్పినప్పుడే. మూడవది అతిసాధన. ఎదిగే ఎముకల చివరల మెత్తని భాగం ఇంకా గట్టిపడదు. అక్కడ రోజూ నొప్పి అంటున్న పిల్లవాడిని పిరికివాడని గద్దించటం గురుత్వం కాదు.

మన బడి మైదానంలో దీనినంతటినీ ఎట్లా ఆచరించాలి? నల్లరేగడి వానకు బురద, ఎండకు నెర్రెలు. అటువంటి నేలపై నిండు వేగంతో పరుగెత్తిస్తే మడమలు మడతపడతాయి. ముందుగా నలభై, యాభై మీటర్ల మేర ఒక దారిని ఇసుక కలిపి చదును చేసుకొంటే చాలును. చిన్నపిల్లలకు అంతకుమించిన దూరంలో నిండు వేగం అక్కరలేదు. నీటికి దూరంగా ఉన్న గట్టువాలు దొరికితే, పైకి ఎక్కే చిన్న చిన్న పరుగులు కాళ్లకు బలాన్నిస్తాయి. ప్రతి నిండు పరుగు తరువాత పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. పది మీటర్లకు ఒక నిమిషం చొప్పున విశ్రాంతి అన్నది కొందరు శిక్షకులు పాటించే కొలత. ఈ విరామాన్ని సోమరితనమని భావించటం పెద్ద పొరపాటు. అలసిన కాళ్లతో చేసే పరుగు వేగాన్ని నేర్పదు. నెమ్మదిగా పరుగెత్తటాన్ని నేర్పుతుంది.

రోహిణీ కార్తెలో సాధన తెల్లవారుజామున ముగియాలి. మధ్యాహ్న భోజనంలో వచ్చే గుడ్డు, చిక్కీ ఆ పిల్లల నోటికి నిజంగా చేరుతున్నవా అని చూడాలి. గంజితో ఒలింపిక్ పరుగు పరుగెత్తిన ఉష అనుభవం ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి ఆడపిల్లలను మైదానం మాన్పించే తల్లిదండ్రులతో ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయిని ఓర్పుతో మాట్లాడాలి. ఒక నోటుపుస్తకంలో ప్రతి పిల్లవాడి ఎత్తు, బరువు, మూడు నెలలకొకసారి పరుగు కాలం రాసి ఉంచాలి. ఇద్దరు పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చటం కన్న, ఒక పిల్లవాడిని నిన్నటి తనతో పోల్చటం న్యాయమని ఆ పుస్తకమే నేర్పుతుంది.

విద్యార్థులు కూడా ఒక మాట గ్రహించాలి. పదమూడేండ్లకు వెనుకబడినవాడు వెనుకబడినట్లు కాదు; పదమూడేండ్లకు గెలిచినవాడు గెలిచినట్లూ కాదు. ఆ గెలుపు అతడు చేరబోయే గురువును ఎంచుకొనటానికి వచ్చిన అవకాశం మాత్రమే. ఆటలో ఉన్నన్నాళ్లూ చదువును విడువకుండా ఉండటం మంచిది. ఒక గాయంతో పరుగు ఆగిపోవచ్చును; అప్పుడు చదువే చేయి పట్టుకొంటుంది.

బడి గోడమీద వేలాడే కప్పుల సంఖ్యనుబట్టి వ్యాయామోపాధ్యాయుని విలువ కట్టటం మనకు అలవాటు. దానికన్న సరియైన కొలత ఒకటి ఉన్నది. అతని చేతిలో ఏడవ తరగతిలో పరుగెత్తిన పిల్లలలో ఇరవయ్యవ ఏట కూడా ఆరోగ్యంగా, ఇష్టంగా పరుగెత్తుతున్నవారు ఎందరు? ఈ కొలతలో నెగ్గిన గురువుకు శాలువా కప్పే సభ జరగకపోవచ్చును. కాని ఆ పిల్లలలో ఒకరు ఏదో ఒకనాడు నూరవ వంతు సెకండు కోసం పోరాడవలసి వస్తే, ఆ వంతును వారికి సంపాదించి పెట్టినది అతని ఓపికే అవుతుంది.